శాంటా ఫే మ్యూజియాలు: అమ్మానాన్నలకు ఒక్క రోజులో ఏవి చూపించాలి?

ల్యాబ్‌లో కొత్త:
నమస్కారమండీ. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని లాస్ అలమోస్ వచ్చి కొద్ది రోజులే అయింది. వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. పక్కనే ఉన్న రాష్ట్ర రాజధాని శాంటా ఫేలో తప్పక చూడాల్సినవి చెప్తారా? నాన్నకు మోకాళ్ళ నొప్పులు.

పాతకాపు:
తమ్ముడూ, ముందు న్యూ మెక్సికో డ్రైవింగ్ లైసెన్స్ తీసుకో. నెలలో మొదటి ఆదివారం రాష్ట్ర మ్యూజియాలు ఇక్కడివాళ్ళకు ఫ్రీ, ఐడీ చూపించాలి. నాకది ఎంత ఆలస్యమైందో! అడ్రస్ ప్రూఫ్‌లు రెండు అడుగుతారు. మా ఓనరేమో లీజులో రూమ్మేట్ పేరు చాలన్నాడు. కరెంటు బిల్లూ రూమ్మేట్ పేరు మీదే. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తితే వచ్చే వారం అంటాడు. ఖాళీ చేసేటప్పుడు గోడకు మేకు కొట్టానని డిపాజిట్‌లో కోత పెట్టాడు. ఆ మేకు నేను దిగకముందు నుంచీ ఉంది! ఇంట్లో దిగిన రోజే ఫొటోలు తీసి పెట్టుకో.

అల్బుకర్కీ అక్క:
అన్నయ్యగారూ, అబ్బాయి అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి? చుట్టపుచూపుగా వచ్చే పెద్దవాళ్ళకు ఆ ఫ్రీ ఎలాగూ వర్తించదు. బాబూ, నేరుగా మ్యూజియాలన్నీ ఒకచోట ఉండే మ్యూజియం హిల్‌కి వెళ్ళండి. పార్కింగ్ ఉచితం, నడక తక్కువ. అక్కడి ఫోక్ ఆర్ట్ (జానపద కళల) మ్యూజియానికి అలెగ్జాండర్ గిరార్డ్ అనే డిజైనర్ లక్షకు పైగా వస్తువులు ఇచ్చాడు. వాటిలో కొన్నిటితో సంతలు, ఊరేగింపులు, ఊళ్ళకు ఊళ్ళే తనే పేర్చి పెట్టాడు. మన దేశం బొమ్మలూ ఉన్నాయి. మీ అమ్మగారు బొమ్మల కొలువు పెట్టే మనిషైతే అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు.

మియావ్ ఫ్యాన్:
మియావ్ వుల్ఫ్ వాళ్ళ వింత కళాప్రదర్శన మర్చిపోయారే! పాత బౌలింగ్ హాల్లో 2016లో తెరిచారు. ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి నడిస్తే ఇంకో లోకం.

అల్బుకర్కీ అక్క:
మోకాళ్ళ నొప్పులన్నాడు కదయ్యా. ఆ చీకట్లో, ఆ మోతలో పెద్దాయన్ని తిప్పుతావా? దానికన్నా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ మ్యూజియం నయం. అది ప్రైవేటుది, మొదటి ఆదివారం లెక్క అక్కడ చెల్లదు. టికెట్ ముందే బుక్ చేసుకుంటే మంచిది.

పాతకాపు:
ప్లాజా దగ్గర 1610 నాటి గవర్నర్ల భవనం చూడకపోతే ఊరు చూసినట్టే కాదు. దాని వసారాలో పుయెబ్లో, నవహో తెగల ఆదివాసులు వెండి, టర్కాయిస్ (నీలిపచ్చ రాయి) నగలు అమ్ముతారు. గట్టిగా బేరమాడు తమ్ముడూ.

అల్బుకర్కీ అక్క:
విజయవాడ బీసెంట్ రోడ్డా అది? తామో, తమ ఇంట్లోవాళ్ళో చేసినవే అక్కడ పెట్టాలని రూలు ఉంది. చేసిన మనిషి ఎదురుగా కూర్చుంటే సగానికి అడుగుతారా?

పాతకాపు:
నేను సగానికి అనలేదమ్మా.

డాక్టరుగారు:
బేరాల సంగతి తర్వాత. శాంటా ఫే 2,100 మీటర్ల ఎత్తు, లాస్ అలమోస్ ఇంకా ఎక్కువ. గుంటూరు నుంచి దిగినవాళ్ళను మర్నాడే తిప్పకండి. రెండు రోజులు ఇంట్లో ఉంచి, నీళ్ళు బాగా తాగించండి. బీపీ మాత్రలు వేసుకుంటుంటే బయల్దేరేముందే అక్కడి డాక్టర్ని అడిగి రమ్మనండి.