హంతకుడెవరో తెలిశాక మళ్ళీ చూడటం దేనికి? (పాత క్రైమ్ సీరియళ్ళ మీద చర్చ)

పాతపెట్టె:
ఇంట్లో వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నే ఇక్కడ పెడుతున్నాను. నేను 'కొలంబో' సీరియల్ మొత్తం ఇప్పుడు నాలుగోసారి చూస్తున్నాను. 1968లో వచ్చిన మొదటి టెలీఫిల్మ్ మొదలు 2003లో వచ్చిన చివరిదాకా 69 ఎపిసోడ్లు. ఎవరు చంపారో తెలుసు, ఎలా చంపారో తెలుసు, ఏ చిన్న పొరపాటు దగ్గర దొరికిపోతారో కూడా తెలుసు. "తెలిసిన కథే కదా, టైం దండగ" అంటున్నారు మా వాళ్ళు. నాకు మాత్రం మొదటిసారి కంటే ఇప్పుడే ఎక్కువ బాగుంది. అలా ఎందుకుందో చెబుతాను, మీరేమంటారో చెప్పండి.

ఈ సీరియల్ చూడని వాళ్ళకు రెండు ముక్కలు. కొలంబో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో లెఫ్టినెంట్. నలిగిన రెయిన్‌కోటు, డొక్కు ప్యూజో కారు, వేళ్ళ మధ్య చుట్ట. వేసింది పీటర్ ఫాక్. దాదాపు ప్రతి కథలోనూ హత్య మొదట్లోనే మన కళ్ళముందు జరిగిపోతుంది. కొలంబో ఆ తర్వాత తీరిగ్గా వస్తాడు. హంతకులు ఎక్కువమంది డబ్బూ చదువూ పలుకుబడీ ఉన్నవాళ్ళు. ఈ మాసిన కోటువాణ్ణి చూసి వీడేం పట్టుకుంటాడులే అనుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. కొలంబో ప్రశ్నలన్నీ అయిపోయి, వెళ్ళొస్తానని చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి, చెయ్యి పైకెత్తి "ఇంకొక్క విషయం" అంటూ వెనక్కి తిరుగుతాడు. మొదటిసారి చూసినప్పుడు ఏం అడుగుతాడోనని అతణ్ణే చూశాను. ఇప్పుడు అటు చూడను. హంతకుణ్ణి చూస్తాను. కొలంబో వీపు తిప్పగానే మనిషి భుజాలు కాస్త కిందికి దిగుతాయి, ఊపిరి వదులుతాడు. మళ్ళీ పిలుపు వినబడగానే మర్యాదగా నవ్వాలి. ఆ నవ్వు ముఖం మీదికి రావడానికి అర సెకను పడుతుంది. మంచి నటుడైతే ఆ అర సెకనులో కోపం, భయం, విసుగు మూడూ కనబడతాయి. ఇవి మొదటిసారి నాకు ఒక్కటీ కనబడలేదు. కథ వెనక పరిగెత్తేవాడికి ముఖాలు చూసే తీరిక ఎక్కడుంటుంది?

కొత్తసీను:
పాతపెట్టె గారూ, మీ ఇష్టాన్ని తప్పుపట్టను గానీ మీ ఉదాహరణ చెల్లదండీ. కొలంబోలో హంతకుడెవరో మొదటిసారి చూసేవాడికీ తెలుసు. అక్కడ దాచిందే లేనప్పుడు, రెండోసారి చూస్తే పోయేదేముంది? అసలు పరీక్ష మామూలు డిటెక్టివ్ కథకి పెట్టాలి. ఆఖరి పది నిమిషాల దాకా ఎవరో తెలియకుండా నడిపే కథ. దానికి ప్రాణం ఆ ముడే. ముడి విప్పేశాక మిగిలేది తాడు ముక్క.

ఇంకో మాట కూడా. మనకున్న సాయంత్రాలే లెక్కపెట్టినన్ని. ఇంతవరకూ చూడని మంచివి ఎన్నో పక్కన పడి ఉండగా, చూసిందే చూడటంలో కొంత భయం ఉందని నాకనిపిస్తుంది. కొత్తది నచ్చదేమోనన్న భయం.

ఎడిటింగ్ బల్ల:
కొత్తసీను గారు అడిగిన పరీక్షకి తర్వాత వద్దాం. ముందు కొలంబో గురించే ఒక మాట, ఎందుకంటే ఆ "దాచకపోవడం" తేలిగ్గా తీసుకునేది కాదు. హత్య ముందే చూపించి, ఎలా పట్టుబడతాడన్నదే కథగా నడపడం 1912లోనే ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లీషు రచయిత తన కథల్లో చేసి చూపించాడు. కొలంబోని సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ దాన్ని టీవీకి తెచ్చారు. తమ డిటెక్టివ్‌కి దస్తయేవ్‌స్కీ 'నేరము-శిక్ష' నవలలో దర్యాప్తు అధికారి పోర్ఫిరీ పెత్రోవిచ్ ప్రేరణ అని వాళ్ళే చెప్పుకున్నారు. ఆ నవల చదివే మనకి హంతకుడెవరో మొదటి భాగంలోనే తెలుసు. అయినా జనం మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉన్నారు కదా.

నాకు పని పరంగా కూర్పు మీద ఆసక్తి ఎక్కువ. అందుకని ఒక్క ఎపిసోడ్ మొదటి రెండు నిమిషాల గురించి చెప్పాలని ఉంది. 1971లో వచ్చిన 'మర్డర్ బై ద బుక్'. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి 24 ఏళ్ళవాడు. ఇద్దరు రచయితలు కలిసి డిటెక్టివ్ నవలలు రాస్తుంటారు. నిజానికి రాసేది ఒక్కడే. రెండోవాడు ఇంటర్వ్యూలిస్తూ పేరు అనుభవిస్తుంటాడు. రాసేవాడు ఇక విడిగా రాసుకుంటానంటాడు, రెండోవాడు అతణ్ణి చంపుతాడు. కథ ఇంతే. మొదట్లో రోడ్డు మీద ఒక కారు వస్తూ ఉంటుంది. ఇంజన్ చప్పుడు లేదు, ట్రాఫిక్ చప్పుడు లేదు. వినబడేది టైప్‌రైటర్ ఒక్కటే, టకటకా.

మొదటిసారి అది గమ్మత్తుగా ఉందనుకుని ఊరుకున్నాను. రెండోసారి చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. కారు నడిపేవాడు ఒక్క అక్షరం రాయలేనివాడు. ఆ చప్పుడు చావబోయేవాడి చేతుల్లోంచి వస్తోంది. ఒకడి పనిని ఇంకొకడు తన మీద కప్పుకుని తిరుగుతున్నాడన్న సంగతి ఆ శబ్దంలో ముందే పెట్టేశారు. చివర్లో తెలిసేదేమిటంటే, ఆ హత్య పథకం మాత్రం చంపినవాడి సొంత ఊహే. జీవితంలో అతనికి తట్టిన ఒకే ఒక్క మంచి కథ అది. ఎప్పుడో చెబితే రాసేవాడు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు, ఆ కాగితమే పట్టించింది. ఈ ముగింపు తెలిసినవాడికే ఆ మొదటి చప్పుడు పూర్తిగా వినబడుతుంది. కొత్తసీను గారూ, మళ్ళీ చూడకపోతే నాకు ఈ ఎపిసోడ్‌లో సగమే దక్కేది.

నిద్రపట్టనివాడు:
నేను మీ అంత లోతుగా చూడను. రోజంతా పనిలో టెన్షన్. రాత్రి కొత్త సీరియల్ పెడితే ఎవరికేమవుతుందో అని ఇంకో టెన్షన్. అందుకే పాతవే పెడతాను. చివర్లో వాడు దొరికిపోతాడని తెలుసు కాబట్టి మనసు కుదుటపడుతుంది. కొలంబో వాళ్ళావిడ గురించి చెప్పే కబుర్లు వింటూ ఉంటే చాలు నాకు. చాలా ఎపిసోడ్లలో ఆవిడ మాటే గానీ ఆవిడ ఒక్కసారీ కనబడదు. ఒక ఎపిసోడ్‌లో ఓడ మీద అతనితోపాటే ప్రయాణం చేస్తుంది, అప్పుడూ చూపించరు!

పాతపెట్టె:
నిద్రపట్టనివాడు గారూ, మీకు ఊరట దొరుకుతోందంటే సంతోషమే. నాకూ కొన్ని రాత్రులు అలాగే ఉపయోగపడింది. కానీ "ఊరట కోసం" అని ఒప్పేసుకుంటే కొత్తసీను గారి మాటే నిలబడుతుంది, మనమంతా భయపడి దుప్పటి కప్పుకున్నవాళ్ళమవుతాం. నేను చూసేటప్పుడు నిద్రమత్తులో ఉండను. మొదటిసారి కంటే మెలకువగా ఉంటాను. తెలిసిన పాటని మంచి గాయకుడు పాడుతుంటే చెవి ఎంత అప్రమత్తంగా ఉంటుందో అలాగన్నమాట. తర్వాత వచ్చే సంగతి తెలుసు కాబట్టే, అది ఎలా వస్తుందా అని ఎదురుచూస్తాం.

కిటికీ పక్క సీటు:
కొత్తసీను గారు అడిగిన పరీక్షకి నా దగ్గర జవాబుంది. బ్రిటన్‌లోని గ్రనాడా టీవీ వాళ్ళ షెర్లాక్ హోమ్స్, 1984 నుంచి 1994 దాకా వచ్చింది, జెరెమీ బ్రెట్ హోమ్స్. ముడి చివర్లో విప్పే కథలే ఎక్కువ.

'రెడ్ హెడెడ్ లీగ్' కథనే తీసుకోండి. ఎర్రజుట్టు ఉన్నందుకు ఒకాయనకి ఉద్యోగమిచ్చి, కూర్చుని ఎన్‌సైక్లోపీడియా ఎత్తి రాయమంటారు. మొదటిసారి మన ధ్యాసంతా ఆ వింత ఉద్యోగం మీదే. ఆయన దుకాణంలో సగం జీతానికే పనిచేసే కుర్రాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? హోమ్స్ ఆ దుకాణం తలుపు తట్టి, దారి అడిగే నెపంతో అతని ప్యాంటు మోకాళ్ళు చూసి వచ్చేస్తాడు. మొదటిసారి మనకా చూపు అందదు. అతను దుకాణం కిందినుంచి సొరంగం తవ్వుతున్నాడని తెలిశాక, ఆ కుర్రాడు ఎప్పుడు తెర మీదికి వచ్చినా మన కళ్ళు మోకాళ్ళ దగ్గరికే వెళ్తాయి. అంటే రెండోసారి మనం వాట్సన్ పక్కనుంచి లేచి హోమ్స్ పక్కన కూర్చుంటున్నాం. ముడి విప్పినా తాడు పోలేదండీ, ఎలా ముడేశారో ఇప్పుడు కనబడుతోంది.

ఇంకొకటి కూడా ఉంది, చెప్పడం కొంచెం కష్టం. వరసగా మళ్ళీ చూస్తే బ్రెట్ ముఖం మారిపోవడం కనబడుతుంది. మొదటి ఎపిసోడ్లలో కత్తిలా ఉంటాడు, కుర్చీల మీంచి దూకుతాడు. చివరికొచ్చేసరికి ముఖం ఉబ్బింది, నడక బరువెక్కింది. ఆయనకి మానసిక అనారోగ్యం, గుండె జబ్బు రెండూ ఉన్నాయి. 1994లో వచ్చిన ఒక కథలో, ఆయనకి ఒంట్లో బాగాలేక హోమ్స్ చేయాల్సిన పనిని అన్న మైక్రాఫ్ట్ చేత చేయించారు. ఆ మరుసటి ఏడే పోయాడు. ఇవన్నీ తెలిసి మళ్ళీ మొదటి ఎపిసోడ్ పెడితే ఆ దూకే మనిషిని చూస్తూ నేను కాసేపు కథే మర్చిపోతాను.

కొత్తసీను:
మీరు చెప్పింది నన్ను కదిలించింది, కాదనను. కానీ అది నటుడి మీద ప్రేమ, కథ ఇచ్చిన సుఖం కాదు. నేను అడిగేది కథ గురించి. చివరిది ముందే చెప్పేస్తే కథలో ఆనందం తగ్గుతుందా లేదా?

ఎడిటింగ్ బల్ల:
దాని మీద పరిశోధనలే జరిగాయి, అవీ ఒక దారికి రాలేదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్న కథలతో చూశారు. వాటిలో డిటెక్టివ్ కథలూ ఉన్నాయి. ముగింపు ముందే తెలిసినవాళ్ళే కథ ఎక్కువ నచ్చిందన్నారు. 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ చేసిన పరిశీలనలో దానికి ఎదురుగా వచ్చింది, ముందే తెలిస్తే ఆనందం తగ్గిందని. కాబట్టి దాన్ని పట్టుకుని నేను మీతో వాదించను. పైగా ఒకరు చెప్పగా ముగింపు తెలియడం వేరు, మనమే ఒకసారి ఆ దారంతా నడిచి తెలుసుకోవడం వేరు. మనం మాట్లాడుకునేది రెండోదాని గురించి.

చివరి బెంచీ:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా అమ్మాయికి పదమూడేళ్ళు. పోయిన వారం తనతో కూర్చుని 'ఎనీ ఓల్డ్ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్' చూశాను. 1973 నాటిది. నేను మూడోసారి, తను మొదటిసారి. డొనాల్డ్ ప్లెజెన్స్ అందులో వైన్ తప్ప ఇంకో లోకం లేని మనిషి. వైన్ తయారుచేసే వైనరీని అమ్మేస్తానన్న సవతి తమ్ముణ్ణి తలమీద కొట్టి, వైన్ సీసాలు దాచే సెల్లార్‌లో పడేసి, ఏసీ ఆపేసి న్యూయార్క్ వెళ్ళిపోతాడు. లోపల తమ్ముడు ఊపిరాడక చనిపోతాడు. ఆ వారమే బయట మండే ఎండలు. సెల్లార్‌లోని సీసాలన్నీ ఆ వేడికి పాడైపోతాయి, ఆ సంగతి అతనికి తెలియదు. కొలంబో ఆ సెల్లార్ సీసానే ఒకటి తీసుకెళ్ళి, రెస్టారెంట్‌లో అతనికే పోయిస్తాడు. ఒక్క గుక్క తాగి, వేడికి పాడైన వైన్ ఇస్తారా అని మండిపడతాడు. ఆ తేడా కనిపెట్టగల నాలుక అతనిదే. అదే అతణ్ణి పట్టించింది.

నేను తెర చూసింది తక్కువ, మా అమ్మాయిని చూసింది ఎక్కువ. గ్లాసు అతని పెదాల దాకా వచ్చినప్పుడు చెప్పేయకుండా నోరు బిగబట్టుకున్నాను. అంతా అయ్యాక తను అడిగింది: "నాన్నా, కొలంబోకి ఆయనంటే ఇష్టమే కదా, మరి పట్టుకున్నాడెందుకు?" రెండుసార్లు చూసిన నాకు ఆ ప్రశ్నే రాలేదు. కొలంబో ఎలా పట్టుకుంటాడన్నదే చూశాను. అతనికీ అది బాధగానే ఉంటుందని మా అమ్మాయి చెబితే తెలిసింది. ఇప్పుడు నాలుగోసారి చూడాలి, ఆ ప్రశ్న పెట్టుకుని.

పాతపెట్టె:
చివరి బెంచీ గారూ, అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. నేను ఇన్నాళ్ళూ చెప్పాలని తడుముకుంటున్నది ఇదే. మొదటిసారి నేను హత్యని చూస్తాను, ఆ తర్వాత నుంచి మనుషుల్ని చూస్తాను. కొలంబో కూడా చేసేది అదే. అతను తుపాకీ ఊపుతూ తిరగడు, ఎవర్నీ కొట్టడు. చూసిన మనిషినే మళ్ళీ చూస్తాడు, వెళ్ళిన ఇంటికే మళ్ళీ వెళ్తాడు, అడిగిందే ఇంకోలా అడుగుతాడు. అలాంటి సీరియల్‌ని ఒక్కసారి చూసి వదిలేయమంటే నా వల్ల కాదు.

అన్నీ మళ్ళీ చూడదగ్గవని మాత్రం అనను. 1989 నుంచి వచ్చిన 24 ఎపిసోడ్లలో చాలావాటిని నాలుగోసారి చూస్తుంటే ఓపిక సరిపోవడం లేదు. పాత వాటిలో బిగువు వాటిలో లేదు.

కొత్తసీను:
నిన్న రాత్రి ఆ వైన్ ఎపిసోడ్ పెట్టాను. చాలా ఏళ్ళ క్రితం ఒకసారి చూసిందే. మధ్యలో అరగంట నాకు ఇప్పటికీ సాగదీతే, అందులో మార్పు లేదు. కొత్తవి చూడాలన్న మాట కూడా వెనక్కి తీసుకోను.

కానీ ఒకటి చెప్పాలి. చివర్లో కొలంబో అతణ్ణి కారులో ఎక్కించుకుని వెళ్తూ, వైనరీ దగ్గర ఆపి, ఒక సీసా, గ్లాసులు తీస్తాడు. ఏ వైన్ తెచ్చాడో చూసి, బాగా నేర్చుకున్నారని అతను కొలంబోని మెచ్చుకుంటాడు. జైలుకెళ్ళే మనిషి, పట్టుకున్న పోలీసుని, గురువు శిష్యుణ్ణి మెచ్చుకున్నట్టు. కొలంబో ముఖంలో నిజమైన సంతోషం. ఈ సీను నాకు అసలు గుర్తే లేదు. నిజాయితీగా చెప్పాలంటే, అప్పట్లో కేసు తేలిపోయిందని అక్కడికే టీవీ కట్టేసి ఉంటాను.

తర్వాత ఏది చూడమంటారు?

ఎడిటింగ్ బల్ల:
ఆ టైప్‌రైటర్‌ది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.