ఆఖరు ముందే చెప్పేస్తే కథ పోద్దా? మీ మాట చెప్పండి

పర్లాకిమిడి కథలోడు:
అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి ఒక ఆడియో కథ రికార్డు చేస్తున్నాం, ఎనిమిది భాగాలు. కథ ఏటంటే, మన గంజాం వైపు నుంచి సూరత్ మగ్గాలకి పోయినోళ్ళు ఇంటికొకరు ఉంటారు కదా, అలా పోయిన ఒక అన్నయ్య కథ, పదేళ్ళ తర్వాత తమ్ముడు చెప్తుంటాడు. అన్నయ్య తిరిగి రాడు. నేను మొదటి వాక్యమే "బరంపురం స్టేషన్లో సూరత్ బండి ఎక్కిన రోజే మా అన్నయ్యని ఆఖరుసారి చూశాను" అని రాశాను. మా గ్రూపులో ఇద్దరు ఒప్పుకోడం లేదు, మొదటి నిమిషంలోనే చంపేస్తే మిగతాది ఎవడు వింటాడ్రా అంటారు. నాకేమో చెప్పెయ్యాలనే ఉంది, ఎందుకంటే ప్లాట్‌ఫాం మీద ఆ అన్నయ్య సంచి భుజానికి ఎత్తుకుంటూ "రథయాత్రకి వచ్చేస్తాను, చెల్లికి కుట్టుమిషను తెస్తాను" అంటాడు, వీడు రాడని తెలిసి వింటే ఆ మాటకి కడుపులో తిప్పేస్తది, తెలీకుండా వింటే అది ఊరెళ్ళే ప్రతివాడూ అనే మాటే. నా మట్టుకు కథంతా అక్కడే ఉంది. మీరేటంటారు?

కాశీనగర్ కుర్రోడు:
అన్నా ఏమీ అనుకోకు, నేను మీ ఫ్రెండ్స్ వైపే. ఇప్పుడు వినేవాడు చెవిలో పెట్టుకుని ఇంకో పని చేసుకుంటూ వింటాడు, ఏమవుద్దో తెలిసిపోతే తీసి పక్కన పెడతాడు. అయినా దాచడం కూడా పనితనమే కదా. గురజాడ వారి దిద్దుబాటు తీసుకో, 1910 నాటి కథ (చదవనోళ్ళు ఈ రెండు ముక్కలూ వదిలెయ్యండి). గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తాడు, పెళ్ళాం వెళ్ళిపోయింది, ఉత్తరం పెట్టింది, వీడి గాభరా వీడిది, తీరా ఆఖర్న మంచం కిందనుంచి నవ్వూ గాజుల చప్పుడూ. కమలిని ఇంట్లోనే ఉందని మొదట్లో చెప్పేస్తే ఇంకేం మిగిలింది? వందేళ్ళు దాటినా ఆ కథ గుర్తుందంటే ఆయన దాచబట్టే.

బరంపురం అప్ప:
బాబూ, నువ్వు మన గంజాం ప్రహ్లాద నాటకం ఎప్పుడైనా తెల్లారేదాకా కూర్చుని చూశావా? స్తంభంలోంచి నరసింహుడు వస్తాడని అక్కడ తెలీనోళ్ళెవరు, ఒళ్ళో పడుకున్న పిల్లకి కూడా తెలుసు. అయినా హిరణ్యకశిపుడు ఆ మెట్ల మంచె మీద ఎక్కుతూ దిగుతూ ఎగురుతుంటే, "ఏడీ నీ హరి" అని కొడుకుని అడుగుతుంటే, జనం ముందుకి జరుగుతూనే ఉంటారు. నరసింహుడి మొహం తగిలించుకున్న మనిషికి పూనకం వచ్చేస్తది, పక్కనోళ్ళు గట్టిగా పట్టుకోవాలి, నేను చూస్తుండగానే వెనకాల కూర్చున్న ముసలాయన లేచి దండం పెట్టేశాడు. ఏమవుద్దో తెలిసే ఒళ్ళు జలదరిస్తది. మన భారతలీల ఆట కూడా అంతే, సుభద్ర అర్జునుడికే దక్కుద్దని అందరికీ తెలుసు, జనం రాత్రంతా కూర్చునేది ద్వారి, అంటే వాకిలి కాసేవాడి మాటల కోసం, వాడు ఒక్కో మాటకి అర్జునుణ్ణి ఎలా ఇరుకున పెడతాడో చూడ్డానికి. "ఏమవుద్ది" అన్నది ఒక్కసారికే పనికొస్తది నాయనా, "ఎలా అయ్యింది" అన్నది ఎన్నిసార్లయినా.

కాశీనగర్ కుర్రోడు:
అప్పా మీరన్నది నిజమే, కానీ అది పురాణం. ప్రహ్లాదుడు మనకి పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన పిల్లాడు, వాడంటే ముందే ప్రేమ ఉంది, భక్తి ఉంది. వీళ్ళ కథలో అన్నయ్య ఎవరు? నాకు వాడి పేరు కూడా తెలీదు. పేరు తెలీనోడు చచ్చిపోయాడంటే అది వార్త, పేపర్లో రోజూ చూసి పేజీ తిప్పేస్తాం. ముందు వాణ్ణి నాతో ఉండనియ్యండి, వాడితో పాటు నేనూ ఆ పవర్‌లూమ్ గదిలో పడుకోవాలి, ఆ తర్వాత పోతే అప్పుడు నాకు పోయినట్టు.

రాయగడ నుంచి:
దీనిమీద పరీక్షలే చేశారండి. 2011లో కాలిఫోర్నియా శాన్‌డియేగోలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అని ఇద్దరు 12 చిన్న కథలు తీసుకుని కొందరికి ఆఖరు ముందే చెప్పి చదివించారు, చాలా కథల్లో చెప్పించుకున్నవాళ్ళకే ఎక్కువ నచ్చింది. 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ చేస్తే తిరగబడింది, చెప్పేసిన కథలకి మార్కులు తగ్గాయి. అంచేత సైన్స్‌ని సాక్ష్యానికి పిలిచి లాభం లేదు, కథని చూసే తేల్చుకోవాలి.

గుణుపురం మాస్టారు:
అందరూ వినేవాడి వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను చెప్పేవాడి వైపు నుంచి అడుగుతాను. కథ ఎవరు చెప్తున్నారు, ఆ మనిషికి ఏ సంగతి ఎప్పుడు తెలిసింది?

భారతంలో యుద్ధపర్వాలు చూడండి. పదో రోజు భీష్ముడు పడిపోయాక సంజయుడు ధృతరాష్ట్రుడి దగ్గరికి వచ్చి మొట్టమొదట చెప్పేది ఆ మాటే, భీష్ముడు పడిపోయాడని. ఆ తర్వాత ముసలాయన ఏడ్చి, ఎలా పడిపోయాడు, పక్కన ఎవరూ లేరా, నా కొడుకులు ఏం చేస్తున్నారు అని అడిగితే అప్పుడు మొదటి రోజు నుంచి మొదలెడతాడు, భగవద్గీత కూడా అందులోనే వస్తుంది. ద్రోణుడు, కర్ణుడు, శల్యుడు, అందరి సంగతీ ఇంతే, ముందు చావు కబురు, తర్వాత కథ. సంజయుడు అన్నీ చూసి వచ్చినవాడు, ఎదురుగా ఉన్నది తండ్రి. తెలిసీ దాచి "ఏమైందో చెప్పుకోండి చూద్దాం" అంటే ఎంత ఘోరంగా ఉంటుంది!

ఇక దిద్దుబాటు. అక్కడ కథకుడు గోపాలరావు వెనకాలే నడుస్తాడు, గోపాలరావు గది దాటి మనకేమీ చూపించడు. గోపాలరావుకి తెలీదు కాబట్టి మనకీ తెలీదు. ఆ దాపరికం న్యాయమైనది. రెండోసారి చదివితే ఆవిడ వింటోందని తెలిసి ఇంకో కథ చదివినట్టుంటుంది, అది వేరే సంగతి.

మీ కథలో చెప్పేది తమ్ముడు, అదీ పదేళ్ళ తర్వాత. అంటే వాడు నోరు తెరిచేసరికే అన్నీ తెలుసు. తెలిసినవాడు ఏడు భాగాలు తెలీనట్టు నటించి ఎనిమిదో భాగంలో బయటపెడితే, వినేవాడికి అన్నయ్య మీద జాలి కలగదు, తమ్ముడి మీద కోపం వస్తుంది. దాచాలనే ఉంటే తమ్ముణ్ణి తీసెయ్యండి, అన్నయ్యతో పాటు బండెక్కి వెళ్ళండి.

కాశీనగర్ కుర్రోడు:
మాస్టారూ ఇది మాత్రం ఆలోచించాల్సిన మాట. కానీ ఒకటి చెప్పండి, మనిషికి నోట రాకపోతే? మా వీధిలో ఒకావిడ కొడుకు గురించి ఇప్పటికీ "మావోడు వంకాయ తినడు" అనే అంటాది, తినేవాడు కాదు అని అనదు. ఆవిడ మనల్ని మోసం చేస్తున్నట్టా? తమ్ముడు కూడా ఆ మాట దగ్గరికి వచ్చి వచ్చి పక్కకి పోవచ్చు కదా.

గుణుపురం మాస్టారు:
పోవచ్చు బాబూ, చాలా మంచి మాట అన్నావు. అయితే ఆ పక్కకి పోవడం వినబడాలి. ఎక్కడ మాట మింగేశాడో, ఎక్కడ అన్నయ్య గురించి అడిగితే కుట్టుమిషను గురించి మాట్లాడాడో తెలియాలి. అలా చేస్తే మూడో భాగానికే వినేవాడికి అర్థమైపోతుంది, అప్పుడు నువ్వు దాచినట్టూ కాదు. ఆడియోలో అది గొంతుతో రావాలి, రాతతో రాదు. మీలో తమ్ముడి గొంతు ఎవరిస్తున్నారో వాళ్ళ మీద ఉంది.

పర్లాకిమిడి కథలోడు:
మాస్టారూ, అప్పా, చాలా థాంక్సండి, తమ్ముడి గొంతు నాదే, మింగడం నా వల్ల కాదేమో అని భయంగానే ఉంది. తమ్ముణ్ణి మాత్రం తియ్యలేను, వాడు లేకపోతే ఆ ప్లాట్‌ఫాం లేదు. కాబట్టి మొదటి వాక్యం ఉంచుతున్నాను. ఇంకో డౌటు, ఎలా పోయాడో కూడా అప్పుడే చెప్పెయ్యాలా?

బరంపురం అప్ప:
వద్దు. రాడని చెప్పు, ఎందుకు రాలేదో చెప్పకు. తమ్ముడికైనా అది ఒక్క రోజులో తెలిసిందా ఏటి? ముందు ఫోను వచ్చుంటాది, తర్వాత సూరత్ నుంచి తోటోళ్ళు దిగి ఒకరొక మాట ఇంకొకరొక మాట చెప్పుంటారు, అసలు సంగతి ఎప్పుడో తెలిసుంటాది. వాడికి ఏ వరసలో తెలిసిందో ఆ వరసలోనే మాకూ చెప్పు, ఎనిమిది భాగాలకీ సరిపోద్ది. కుర్రోడా, నీకు కావాల్సిన సస్పెన్సు కూడా అందులోనే ఉంది చూసుకో.

కాశీనగర్ కుర్రోడు:
ఉంది అప్పా, కాదనను. కానీ అన్నయ్య పేరైనా ఆ మొదటి వాక్యంలో పెట్టమనండి. "మా అన్నయ్య" అంటే ఎవడైనా అవుద్ది.