బొలోన్యా, మోదెనాల్లో తాతల నాటి కొట్లు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కొవ్వూరోడు
అక్టోబరులో ఇటలీ వెళ్తున్నాం: బొలోన్యా, మోదెనా, కుదిరితే టొరీనో. మ్యూజియాలు చాలు, పాత కొట్లు చూడాలి, తినాలి. మా ఆవిడ శాకాహారి, నాకు ఏదైనా పర్లేదు. ఏ కొట్లో ఏం కొనాలి? తీపి లేని వైన్ ఏది? సీసాలు ఇండియాకి ఎలా తెస్తున్నారు?

బొలోన్యా_పిల్ల
ఇక్కడే చదువుతున్నా కాబట్టి నేనే మొదలుపెడతా 🙂 ఊరి నడిబొడ్డు కూడలి పియాజ్జా మజ్జోరె పక్క సందుల్ని క్వాద్రిలాతెరో అంటారు. అక్కడ ఒస్తెరియా దెల్ సోలె ఉంది, 1465 నాటిది. వైన్ మాత్రమే పోస్తారు, తిండి పెట్టరు. ఎదురు కొట్లో మోర్తదెల్లా (పంది మాంసం సాసేజ్) కోయించుకుని, రొట్టె కొనుక్కుని లోపల బల్ల మీద పొట్లం విప్పుకోవడమే. అటునుంచి వెలుతురు కనిపించేంత పలచగా కోయమనండి, మందం ముక్కైతే సగం రుచి పోయినట్టే. తోర్తెల్లినికి (లోపల కూరిన చిన్న పాస్తా) అత్తి, 1868 నుంచి ఉన్న కొట్టు. చాక్లెట్‌కి మయాని, 1796.

అనుపమ_హైదరాబాద్
భార్య శాకాహారి అని రాశారు, చదివారా? తోర్తెల్లినిలో పంది మాంసం, ప్రొషుత్తో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ), మోర్తదెల్లా మూడూ ఉంటాయి. అంతకంటే ముందు చెప్పాల్సింది, పార్మిజానో రెజ్జానో చీజ్ కూడా శాకాహారం కాదు. పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో.

రేణిగుంట_రెడ్డి
పాలతో చేసేదానికి ఇంత రాద్ధాంతమా మేడమ్? హైదరాబాద్ పిజ్జా షాపుల్లో వేసేది తినడం లేదా?

అనుపమ_హైదరాబాద్
ఇండియాలో ఆకుపచ్చ చుక్క ఉంటుంది, చూసి కొంటాను. ఇటలీలో ఆ చుక్క ఎక్కడుందో మీరే చూపించండి.

మిలానో_మావయ్య
ఇక్కడి వంటగదుల్లో పనిచేసిన నేను చెబుతున్నా, వినండి. పార్మిజానో నియమావళిలోనే దూడ రెన్నెట్ రాసి ఉంది, వేరేది వాడితే ఆ పేరు పెట్టుకోనివ్వరు. గ్రానా పదానో చీజ్ కూడా అంతే, పైగా అందులో కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ కలుపుతుంటారు. పెకొరీనో రొమానో చీజ్‌కి గొర్రెపిల్ల రెన్నెట్. రోమ్‌లో శాకాహారినని చెప్పి కాచో ఎ పేపె (ఆ పెకొరీనో, మిరియాలు వేసిన పాస్తా) తినేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

రేణిగుంట_రెడ్డి
నవ్వడం తర్వాత గానీ, సూపర్‌మార్కెట్లో వెజ్ పార్మెజాన్ దొరుకుతుందా లేదా అది చెప్పు.

మిలానో_మావయ్య
యూరప్‌లో ఆ పేరుతో దొరకదు. "పార్మెజాన్" అన్న మాట కూడా పార్మిజానోకే చెందుతుందని 2008లో యూరోపియన్ కోర్టు తేల్చింది. పేరు వేరే ఉంటుంది, లేబుల్ మీద "కాల్యో వెజెతాలె" (మొక్కల రెన్నెట్) అనో "మిక్రోబికో" (సూక్ష్మజీవులది) అనో చూసుకోవాలి. వట్టి "కాల్యో" అని ఉంటే ఏదో తెలియనట్టే. ఇందులో వాదనకేముంది?

అనుపమ_హైదరాబాద్
అదే కదా నేనూ చెప్పింది, మావయ్యా! ఇంత పెద్ద స్వరంతో ఎందుకు?

వరంగల్ శీను
అన్నా, మీరు కొట్లాడుకోండ్రి, కొవ్వూరన్న వైన్ అడిగిండు గదా. లాంబ్రుస్కో తాగు. ఎర్రగ ఉంటది, నురుగొస్తది, చల్లగ పోస్తరు. "సెక్కో" అని ఉంటే తీపుండదు, "అమాబిలె" అంటే తియ్యగ. దాంట్ల సోర్బారా రకం పులుపెక్కువ, గ్రాస్పరోస్సా రకం కొంచెం వగరు. నూనె ఎక్కువున్న తిండితోని మస్తుంటది.

మిలానో_మావయ్య
లాంబ్రుస్కో తాగేసి వైన్ తాగాననుకుంటే సరిపోదు. టొరీనో వెళ్తున్నాడు, అటువైపు ఎర్ర వైన్ బరోలో తాగాలి. కనీసం 38 నెలలు నిలవ ఉంచాక గానీ అమ్మరు.

వరంగల్ శీను
బరోలో సీసా ధర జూసి చెప్పు మావయ్యా.

విశాఖ_వాణి
మోదెనా అన్నారు కనుక, అక్కడి బల్సామికో సిర్కా (వెనిగర్) విషయంలో జాగ్రత్త. స్టేషన్ దగ్గర ఒక కొట్లో "25 ఏళ్లది" అంటూ పెద్ద సీసా అంటగట్టబోయారు. అసలైన త్రదిజ్యొనాలె 100 మిల్లీలీటర్ల గుండ్రటి సీసాలోనే వస్తుంది, కార్ల డిజైనర్ జుజారో గీసిన ఆకారం. పన్నెండేళ్లకు తగ్గకుండా చెక్క పీపాల్లో, ఒకదాన్నుంచి ఇంకా చిన్నదానికి మారుస్తూ నిలవ ఉంచుతారు, పాతికేళ్లు దాటితే ఎక్స్‌త్రావెక్యో. అందులో ద్రాక్షరసం కాచినది తప్ప ఏమీ కలపరు. చవకగా వచ్చే, లేబుల్ మీద "ఐజీపీ" ముద్ర ఉండే రకంలో వైన్ వెనిగర్ కలుస్తుంది, దానికి 60 రోజులు చాలు. రెండింటి మీదా "బల్సామికో" అనే ఉంటుంది. అసలుదాన్ని వంటలో పొయ్యకండి, చుక్కల లెక్కన పైన వెయ్యడానికి. జుస్తి వాళ్ల సిర్కా కొట్టు కూడా చూడండి, 1605 నాటిది.

రేణిగుంట_రెడ్డి
చుక్కల లెక్కన సిర్కా, అదీ బోలెడు యూరోలు పెట్టి! మా నాయనమ్మ చింతపండు పులుసు చాలు నాకు.

విశాఖ_వాణి
మరి ఈ చర్చలో ఎందుకు కూర్చున్నారు?

బొలోన్యా_పిల్ల
శాకాహారికి నేనే మార్గం చెబుతా. జెనోవా వెళ్లగలిగితే ఫరినాతా: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యి లోపల కాలుస్తారు. మన శనగపిండి అట్టుకి అన్నయ్య వరుస. అక్కడే రొమనెంగో మిఠాయి కొట్టు, 1780 నుంచి. పెస్తోలో (అక్కడి తులసి జాతి ఆకుల పచ్చడి) మాత్రం పార్మిజానో పడుతుంది, అడగండి.

అనుపమ_హైదరాబాద్
చూశారా, అడగాల్సిందే అంటోంది!

కొవ్వూరోడు
బాబూ, సీసాలు ఎలా తేవాలో ఒక్కరూ చెప్పలేదు.

వరంగల్ శీను
చేతి సంచిల పెడితే పారేస్తరు, చెకిన్‌ల పెట్టు, బట్టల మధ్యల చుట్టు. మనిషికి రెండు లీటర్లదాంక డ్యూటీ లేదు. వదినది కూడ కలిపితే నాలుగు. సిర్కా ఆ రెండు లీటర్ల లెక్కల రాదు.

మిలానో_మావయ్య
నాలుగు లీటర్లూ లాంబ్రుస్కో అయితే మాత్రం నన్ను అడగొద్దు.