హెడ్ పని అయ్యాక బొలెరో లాగడం లేదు, పంపు కూడా విప్పారు. ఎక్కడ చూడాలి?

ఎస్.కోట బండి:
అందరికీ నమస్కారం. మాది 2007 బొలెరో, టర్బో డీజిల్, పాత రకం రోటరీ పంపు (సిలిండర్లకి డీజిల్ కొట్టేది). కామన్ రైల్ (కంప్యూటర్ ఆడించే కొత్త రకం) కాదు. అనంతగిరి, అరకు సంతల నుంచి అల్లం, పసుపు, కాయగూరలు కిందికి దింపుతాం. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గిపోతున్నాయి, బుడగలు వస్తున్నాయి అని హెడ్ (ఇంజిన్ పై భాగం) దించారు. గ్యాస్‌కెట్ పోయింది. హెడ్ ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి), వాల్వులు గ్రైండింగ్ చేసి, కొత్త గ్యాస్‌కెట్ వేశారు. ఎలాగూ విప్పాం కదా అని పంపు, నాజిళ్ళు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) కూడా కాలిబ్రేషన్‌కి పంపించారు. బిల్లు బాగానే అయింది.

ఇప్పుడు నీళ్ళు తగ్గడం లేదు, హీట్ లేదు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. ఐడిలింగ్ చక్కగా ఉంది. కానీ బండిలో పికప్ లేదు. తిన్నటి రోడ్డు మీద 60 దాటడమే కష్టం. ఇదివరకు ఖాళీ బండితో మూడో గేరులో ఎక్కేసే ఘాట్ ఇప్పుడు రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. మా మెకానిక్‌ని అడిగితే "కొత్త పని కదా, సెట్ అవుతుంది, కొన్నాళ్ళు నడపండి" అంటున్నాడు. సీజన్‌లో ఉన్నాం, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

పాత టాక్సీ:
డీజిల్ ఫిల్టర్ మార్చారా? ఎయిర్ ఫిల్టర్ చూశారా? ముందు ఆ రెండూ.

ఎస్.కోట బండి:
రెండూ కొత్తవే అన్నా. ఫిల్టర్ మార్చాక హ్యాండ్ ప్రైమర్ కొట్టి (చేత్తో డీజిల్ ఎక్కించి) ఎయిర్ కూడా తీశారు.

రోడ్డు రాజా:
2007 బండి అంటే బోర్‌కి వచ్చేసి ఉంటుంది బ్రదర్, అంటే సిలిండర్లు అరిగిపోయి ఉంటాయి. హెడ్ మాత్రమే చేయిస్తే ఇలాగే ఉంటుంది. పిస్టన్, లైనర్, రింగులు మొత్తం కొత్తవి వేయించేయండి.

ఆటోనగర్ పంపు పని:
బోర్ మాట ఎత్తడానికి ఇంకా చాలా దూరం ఉందండి, తొందరపడకండి. హెడ్ దించక ముందు బాగా లాగిన బండి, బిగించాక లాగడం లేదు. షెడ్డులో పడి ఉన్న రోజుల్లో రింగులు అరగవు కదా. విప్పిందేమిటి, బిగించిందేమిటి, ఆ వరుసలోనే వెతకాలి. అదీకాక బోర్ అరిగిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే లేవదు.

ఇంకో సంగతి. "నడిపితే సెట్ అవుతుంది" అన్నది కొత్త రింగులు వేసినప్పుడు కొంతవరకు నిజం. మీకు రింగుల పని జరగలేదు, కాబట్టి సెట్ అవ్వడానికి అక్కడ ఏమీ లేదు.

అన్నిటికన్నా ముందు పొగ సంగతి చెప్పండి. నిలబెట్టి రేస్ ఇస్తే వచ్చే పొగ కాదు. ఘాట్‌లో రెండో గేరులో పెడల్ నేలకి తొక్కి పట్టినప్పుడు వెనకాల ఇంకొకరిని బైక్ మీద రమ్మనండి, రంగు వాళ్ళు చూస్తారు.

నల్లగా దట్టంగా వస్తుంటే డీజిల్ వెళుతోంది, దానికి తగ్గ గాలి అందడం లేదు. అప్పుడు గాలి నెట్టే టర్బో నుంచి మేనిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) వెళ్ళే హోస్ చీలిందా, క్లిప్పు వదులైందా, టర్బో అసలు తిరుగుతోందా, ఈజీఆర్ (పొగని మళ్ళీ ఇంజిన్‌లోకి తిప్పే వాల్వు) ఉంటే అది తెరుచుకుని ఇరుక్కుందా అన్నవి చూడాలి. పొగ అసలు లేకుండా బండి నీరసంగా ఉంటే డీజిలే సరిపోను వెళ్ళడం లేదు. తెల్లగా, కళ్ళు మండేలా, పచ్చి డీజిల్ వాసనతో వస్తే డీజిల్ పడుతోంది కానీ ఆలస్యంగా పడుతోంది, అంటే టైమింగ్ వెనక్కి ఉంది. లేదా కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) తక్కువ. నీలం పొగ ఆయిల్‌ది, మీ కేసుకి సంబంధం లేదనుకుంటాను.

పొగ చూసేలోపు పైసా ఖర్చు లేకుండా చేసుకునే పనులు ఇవి.

ఇంజిన్ ఆపి, ఒకరిని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కమనండి. మీరు బానెట్ ఎత్తి పంపు మీద లివర్ చూడండి. అది ఫుల్ స్టాపర్ బోల్టుకి వెళ్ళి తగలాలి. తగలకుండా ఆగిపోతే మీ చేత్తో ఇంకా ముందుకు తోయగలరేమో చూడండి. తోయగలిగితే కేబుల్ లూజుగా బిగించారన్నమాట. పంపు విప్పి బిగించిన బళ్ళలో ఇది నేను తరచూ చూసే తప్పు.

మేనిఫోల్డ్ నుంచి పంపు నెత్తిన ఉండే గుండ్రటి డబ్బాకి ఒక సన్నటి రబ్బరు పైపు వెళుతుంది. టర్బో ఒత్తిడి ఎంత పెరిగితే అంత డీజిల్ పెంచమని పంపుకి చెప్పేది అదే. ఊడినా, పగిలినా టర్బో ఉన్నా లేనట్టే లెక్క. రెండు చివర్లూ తీసి, నోటితో ఊది, గాలి నిలబడుతుందో లేదో చూడండి.

పంపులోకి డీజిల్ వచ్చే చోట అరడుగు ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టి రేస్ ఇచ్చి చూడండి. బుడగలు కనబడితే ఎక్కడో గాలి పీల్చుకుంటోంది. ఫిల్టర్ గిన్నె వాషర్, ప్రైమర్, ట్యాంకు నుంచి వచ్చే పాత రబ్బరు పైపులు, వీటిలో ఏదో ఒకటి.

ఒక్కటి మాత్రం చేయకండి. పంపు వెనకాల సీలు వేసిన స్క్రూ ఉంటుంది, డీజిల్ ఎక్కువ తక్కువ చేసేది. "ఒక చుట్టు తిప్పితే లాగేస్తుంది" అని ఎవరైనా చెయ్యి పెడితే పట్టుకుని ఆపండి. బండి లాగుతుంది నిజమే, నల్ల పొగతో, పిస్టన్ నెత్తి కాల్చుకుంటూ. అసలు జబ్బు అలాగే ఉంటుంది.

నల్లగొండ డ్రైవర్:
పై అన్న చెప్పింది కరెక్ట్. అసలు లాగనిది ఇంజినా, లేక బండిని ఏదైనా పట్టుకుంటోందా అనేది కూడా చూసుకోండి. నాలుగు కిలోమీటర్లు బ్రేక్ తక్కువ వాడుతూ నడిపి దిగి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి కాలిపోతుంటే బ్రేకు పట్టేసింది. ఇంజిన్ సౌండ్ పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. మా దోస్తు ఒకడు పికప్ లేదని నాజిళ్ళు మార్పించిండు, తీరా చూస్తే హ్యాండ్ బ్రేక్ కేబుల్ పట్టుకుని ఉంది.

పాత టాక్సీ:
హెడ్ దించినప్పుడు లోపల చెత్త పడకూడదని మేనిఫోల్డ్ హోసుల్లో గుడ్డ కుక్కుతారు. బిగించేటప్పుడు తీయడం మర్చిపోయిన గుడ్డని నా కళ్ళతో చూశాను. నవ్వకండి, హోస్ విప్పి ఒకసారి టార్చి వేయండి.

ఎస్.కోట బండి:
అందరికీ ధన్యవాదాలు. చూసినవి రాస్తున్నాను.

బ్రేకులు బాగున్నాయి, క్లచ్ జారడం లేదు. హోసుల్లో గుడ్డ లేదు. సన్న రబ్బరు పైపు బాగుంది, ఊదితే గాలి నిలబడింది. యాక్సిలరేటర్ లివర్ మాత్రం మీరు చెప్పినట్టే స్టాపర్‌కి కొంచెం ముందే ఆగిపోతోంది. కేబుల్ బిగించాం. 60 దగ్గర ఆగేది ఇప్పుడు 65, 70 వరకు వెళుతోంది, అంతకు మించి తేడా లేదు. ట్రాన్స్‌పరెంట్ పైపులో బుడగలు లేవు.

పొగ: మా తమ్ముడు వెనక బైక్ మీద వచ్చాడు. నల్ల పొగ లేదు. ఎత్తు బాగా ఉన్న చోట పల్చగా బూడిద తెలుపులో వస్తోందట, పచ్చి డీజిల్ వాసన ఉందట. ఇంకో విషయం, ఫేసింగ్ కొట్టాక గ్యాస్‌కెట్ ఏ సైజు వేశారో నాకు తెలియదు. దాని వల్ల కూడా అవుతుందా?

ఆటోనగర్ పంపు పని:
గ్యాస్‌కెట్ ప్రశ్న మంచిదే. డీజిల్ ఇంజిన్లకి చాలావాటికి రెండు మూడు మందాల్లో గ్యాస్‌కెట్లు వస్తాయి, అంచు మీద గాట్లో, చిల్లులో ఉంటాయి గుర్తుగా. పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తోందో కొలిచి దాన్ని బట్టి వేయాలి. మరీ మందంది వేస్తే కంప్రెషన్ తగ్గుతుంది. కానీ అప్పుడు పొద్దున చలిలో స్టార్టింగ్ ఇబ్బంది, స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్ల పొగ, దడదడ ఉంటాయి. మీకు అవేమీ లేవు. టాపెట్లు (వాల్వుల గ్యాప్) మరీ టైట్‌గా పెట్టినా వాల్వు పూర్తిగా కూర్చోక కంప్రెషన్ పోతుంది. అప్పుడు ఐడిలింగ్ కూడా బాగుండదు. కాబట్టి ఈ రెండూ పక్కన పెడదాం.

మీ లక్షణాలు కలిపి చూస్తే ఐడిలింగ్ బాగుంది, రేస్ పెరిగేకొద్దీ నీరసం, లోడ్ మీద పచ్చి డీజిల్ వాసన. డీజిల్ తక్కువా పడుతోంది, ఆలస్యంగానూ పడుతోంది. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు నేను మొదట చూసేది పంపుకి ఉన్న రెండు బంజో బోల్టులు (లోపల చిల్లుండి, డీజిల్ పైపుని పంపుకి బిగించేవి). ఒకటి డీజిల్ లోపలికి వచ్చే దానిది, ఇంకొకటి రిటర్న్‌ది. రెండూ ఒకే సైజు, ఒకే మర, పైకి కవలల్లా ఉంటాయి. తేడా లోపల ఉంది. రిటర్న్ బోల్టులో సూది మొనంత సన్నటి చిల్లు మాత్రమే ఉంటుంది, దాని నెత్తి మీద ఇంగ్లీషులో అవుట్ అని కొట్టి ఉంటుంది. ఇన్‌లెట్ బోల్టుకి చిల్లు పెద్దది, రాత ఉండదు.

ఆ సన్న చిల్లు ఎందుకంటే, రోటరీ పంపు లోపల చిన్న వేన్ పంపు ఉంటుంది. అది డీజిల్‌ని పంపు గదిలోకి నింపి ఒత్తిడి పెంచుతుంది. రిటర్న్ దగ్గర దారి సన్నగా ఉంటేనే ఆ ఒత్తిడి నిలుస్తుంది. రేస్ పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి, కింద అడ్డంగా ఉన్న అడ్వాన్స్ పిస్టన్‌ని జరిపి, టైమింగ్‌ని ముందుకు తెస్తుంది. బోల్టులు తారుమారైతే డీజిల్ వచ్చే దారి సూది బెజ్జమైపోతుంది, రిటర్న్ బార్లా తెరుచుకుంటుంది. ఐడిలింగ్‌కి ఆ కాస్త డీజిల్ చాలు, అందుకే బండి స్టార్ట్ అవుతుంది, చక్కగా నిలబడుతుంది. కాలు తొక్కితే మాత్రం గది నిండదు, అడ్వాన్స్ రాదు.

కాలిబ్రేషన్ బెంచి మీద వాళ్ళ సొంత పైపులు, బోల్టులు వాడతారు. అక్కడ పంపు పాసైపోతుంది. తేడా మీ షెడ్డులో బిగించేటప్పుడు వస్తుంది. అందుకే "పంపు ఓకే అన్నారు కదా" అని ఎవరూ మళ్ళీ అటు చూడరు.

ఇంజిన్ చల్లారాక రెండు బోల్టుల నెత్తి తుడిచి, రాత ఎక్కడుందో చూసి చెప్పండి. మార్చాల్సి వస్తే రాగి వాషర్లు కొత్తవి వేయండి, ప్రైమర్ కొట్టి ఎయిర్ తీయండి. నాజిల్ పైపుల జోలికి వెళ్ళకండి. ఇంజిన్ నడుస్తుండగా అవి వదులు చేసి చెయ్యి అడ్డం పెడితే వందల బార్ల ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న గుచ్చులా కనబడుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళకపోతే వేలు తీసేసే దాకా వెళ్ళొచ్చు.

మస్కట్ తమ్ముడు:
ఇక్కడ పాత ల్యాండ్ క్రూజర్ల మీద పని చేస్తాను, 4.2 డీజిల్ 1హెచ్‌జెడ్ ఇంజిన్. దానికీ ఈ తరహా రోటరీ పంపే. రిటర్న్ బోల్టు మీద అదే అవుట్ రాత ఉంటుంది. పంపు దించిన ప్రతిసారీ ఆ బోల్టుకి మేం పెయింట్ చుక్క పెట్టి పెట్టుకుంటాం. కొత్త కుర్రాళ్ళు వచ్చినప్పుడు ఇదే మొదటి పాఠం.

ఎస్.కోట బండి:
ఆటోనగర్ గారూ, మీరు చెప్పిందే! మసి, డీజిల్ జిడ్డు గుడ్డతో తుడిస్తే అవుట్ అన్న రాత ఫిల్టర్ నుంచి వచ్చే పైపు దగ్గర ఉంది. మా మెకానిక్‌ని పిలిచి చూపించాను. మొదట ఒప్పుకోలేదు. రెండూ విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టి చూపిస్తే మాట్లాడకుండా మార్చాడు, వాషర్ల డబ్బు కూడా తీసుకోలేదు.

బండి ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఘాట్‌లో మూడో గేరు పడుతోంది. అయితే ఒక కొత్త సమస్య. ఇంజిన్ ఇప్పుడు గట్టిగా కొడుతోంది, టక టక అని ఇనుము మీద కొట్టినట్టు. పొద్దున ఇంకా ఎక్కువ. ఇంతకు ముందు ఈ సౌండ్ లేదు.

ఆటోనగర్ పంపు పని:
ఆయన్ని ఒకటి అడగండి. బండి లాగడం లేదని మీరు మొదట వెళ్ళినప్పుడు పంపుని ఇంజిన్‌కి బిగించే బోల్టులు వదులు చేసి బాడీని ఇంజిన్ వైపో, బయటికో కొంచెం తిప్పాడా?

ఎస్.కోట బండి:
అడిగాను. "కొంచెం అడ్వాన్స్ పెట్టాను, అప్పుడు కాస్త లాగింది" అన్నాడు.

ఆటోనగర్ పంపు పని:
అదే మరి. అడ్వాన్స్ లోపల రాకపోతే బయట నుంచి తిప్పి పెట్టాడు. ఇప్పుడు లోపలిది పని చేయడం మొదలుపెట్టింది, బయట తిప్పింది అలాగే ఉంది. రెండూ కలిసి డీజిల్ మరీ ముందే పడుతోంది, అందుకే కొడుతోంది. ఇలా లోడ్ వేసి ఘాట్ ఎక్కించకండి, కొత్త గ్యాస్‌కెట్‌కి, పిస్టన్లకి మంచిది కాదు.

చెవితో విని సెట్ చేస్తానంటే ఒప్పుకోకండి. పంపు వెనక మధ్యలో ఉన్న ప్లగ్ తీసి డయల్ గేజ్ (సన్నటి కదలిక కొలిచే ముల్లు మీటరు) పెట్టి, మొదటి సిలిండర్ టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోటు) దగ్గర ప్లంజర్ (పంపులో డీజిల్ నెట్టే కడ్డీ) ఎంత లేచిందో కొలిచి, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకెకి తేవాలి. విశాఖ ఆటోనగర్‌లో రోటరీ పంపులు చేసే షాపులో అడగండి, గేజ్ ఉందా లేదా అన్నది ముందే ఫోన్‌లో తేల్చుకుని వెళ్ళండి. ఎక్కువ సేపు పట్టే పని కాదు.

కరీంనగర్ స్కార్పియో:
ఈ చర్చ చదివి నాకూ ఆశ పుట్టింది. నాది కామన్ రైల్ బండి, నాజిళ్ళ పని అయ్యాక ఇలాగే పికప్ పోయింది. నేనూ ఈ బోల్టులు చూడొచ్చా?

ఆటోనగర్ పంపు పని:
లేదండీ, మీది వేరే కథ. మీ పంపుకి పని ఒత్తిడి తయారు చేయడం మాత్రమే, ఎప్పుడు ఎంత డీజిల్ పడాలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చూసుకుంటుంది. ముందు స్కానర్ పెట్టించి కోడ్లు చూడండి. లోడ్ మీద రైలు (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ ఇచ్చే ఉమ్మడి పైపు) ఒత్తిడి అడిగినంత వస్తోందా, ఇంజెక్టర్ల రిటర్న్ ఎక్కువగా ఉందా అన్నది కొలిపించండి. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్ మారిస్తే దాని మీద ఉన్న నంబరు ఈసీయూలో ఎక్కించాలి, అది చేశారో లేదో అడగండి. పాత బళ్ళ అలవాటులో పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పని చేయడం లేదో చూద్దామని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్లు కూడా దాటొచ్చు. మోడల్, సంవత్సరం, ఏ పార్టులు మార్చారో రాసి వేరే ప్రశ్నగా అడగండి, అక్కడ చూద్దాం.

ఎస్.కోట బండి:
వైజాగ్‌లో డయల్ గేజ్ పెట్టి సెట్ చేశారు. సౌండ్ పోయింది. పసుపు లోడ్‌తో అనంతగిరి నుంచి దిగి వచ్చాం, మళ్ళీ ఖాళీగా ఎక్కాం, మూడో గేరు ఎక్కడా దించలేదు. మస్కట్ తమ్ముడు చెప్పినట్టు అవుట్ బోల్టుకి ఎర్ర పెయింట్ పెట్టించాను.