తెల్లతోక జింకకి .308లో రాగి బుల్లెట్టా, సాఫ్ట్ పాయింటా?

నమస్తే అండీ, మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నవంబరులో టెక్సస్‌లో మా బావ దగ్గరికి వెళ్తున్నాను. ఆయన ఏటా తెల్లతోక జింకల వేటకి వెళ్తారు, ఈసారి నన్నూ రమ్మంటున్నారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడితే జైలే, అక్కడ లైసెన్సుతో వేటాడొచ్చు. కాబట్టి ఆ గొడవ ఇక్కడ వద్దు. లైసెన్సు, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు సంగతి బావ చూసుకుంటున్నారు.

రైఫిల్ .308 విన్‌చెస్టర్ (అది వాడే తూటా సైజు పేరు). కాల్చేది 150 గజాల లోపే. బావ రెండు డబ్బాల ఫొటో పంపి "నువ్వే తేల్చు" అన్నారు. రెండిట్లోనూ బుల్లెట్ బరువు 150 గ్రెయిన్లే. ఒకటి సాఫ్ట్ పాయింట్, రాగి తొడుగులోంచి సీసం మొన బయటికి కనిపిస్తోంది. రెండోది మొత్తం రాగి, ధర మాత్రం బాగా ఎక్కువ.

సాఫ్ట్ పాయింట్ తగలగానే విచ్చుకుంటుంది గానీ, సీసం తునకలు మాంసంలో చెదిరిపోతాయి. అక్క ఆ మాంసమే వేపుడు చేస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అందుకే నా మనసు రాగి వైపే లాగుతోంది.

టెన్షనల్లా ఒకటే. ఎముకకి తగలకుండా పక్కటెముకల మధ్య నుంచి వెళ్తే రాగిది సరిగ్గా విచ్చుకోక దూసుకుపోతుందని కొందరంటున్నారు. నిజమేనా? అలాంటప్పుడు ఇంకా వేగంగా వెళ్ళే 130 గ్రెయిన్లది మేలా? నేను ఇంతవరకు ఎయిర్ రైఫిల్ తప్ప పట్టలేదు, భుజానికి దెబ్బ తగ్గినా సంతోషమే. బుల్లెట్ మారిస్తే గురి మళ్ళీ సరిచూసుకోవాలి కదా, దానికి ఎన్ని డబ్బాలు కొనమంటారు?