నాయనకు 74, పీఎస్ఏ 5.6: వయసు లెక్కేనా?

కందుకూరు కుర్రోడు: ఊళ్లో క్యాంపు పెడితే మా నాయనకు ప్యాకేజీలో పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష) కూడా చేశారు. 5.6 వచ్చింది. పక్కన 'ఉండాల్సింది 4 లోపు' అని వేసి, మన అంకె లావు అక్షరాల్లో కొట్టారు. రాత్రి రెండుసార్లు లేస్తాడు, అంతకుమించి బాధేం లేదు. పొలం పోయొస్తానే ఉన్నాడు. ఇది వయసుతో పెరిగేదేనా, సూదితో ముక్క తీసి చూసే బయాప్సీకి పోవాల్సిందేనా?

పెన్నా గట్టు: టెన్షన్ పడొద్దు తమ్ముడూ. వయసు పైబడేకొద్దీ మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెద్దదవుతుంది, రక్తంలో పీఎస్ఏ కూడా పెరుగుతుంది. 1993లో అమెరికాలో ఆస్టర్లింగ్ అనే డాక్టరు బృందం వయసువారీగా పైహద్దులు ఇచ్చింది: నలభైల్లో 2.5, యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్భైల్లో 6.5. మీ నాయన హద్దులోనే ఉన్నాడు. అందరికీ ఒకటే 4 అచ్చేసే ల్యాబులను అనాలి.

ఒంగోలు గిత్త: అది మిన్నెసోటాలో ఒక కౌంటీలోని తెల్లవాళ్లను చూసి రాసిన లెక్క. కందుకూరు రైతుకు ఎట్లా సరిపోతుంది? హద్దు పైకి జరిపితే ముసలివాళ్లలో కొన్ని నిజం క్యాన్సర్లు దాని కిందే దాక్కుంటాయి. మా నాయనకూ 'వయసు' అనే అన్నారు. తర్వాత నడుంనొప్పి అని పోతే అప్పటికే ఎముకలకు పాకింది.

పెన్నా గట్టు: మా మామ సంగతీ వినండి. ఐదూ చిల్లరకే బయాప్సీ చేశారు. ఇంటికొచ్చాక చలిజ్వరం, మళ్లీ ఆస్పత్రి, మూత్రానికి గొట్టం. తీరా చూస్తే క్యాన్సరే లేదు. మీ 4 అంకె చేసిన పని అది.

ఉలవపాడు మామిడి: ఈ వయసులో ఎందుకయ్యా ఇవన్నీ.

కావలి ల్యాబ్: నేను ల్యాబులో పనిచేస్తా. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ అంకె పెరుగుతుంది. కొన్ని మాత్రలతో తగ్గుతుంది. ఆయన ఏమన్నా వాడుతున్నాడా?

కందుకూరు కుర్రోడు: రాత్రిపూట ఒకటి. షాపువాడు షీటు కత్తిరించి ఇచ్చాడు, మిగిలిన ముక్క మీద 'సులోసిన్' వరకే కనపడతా ఉంది.

పెన్నా గట్టు: టామ్సులోసిన్. మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చేది. దాంతో పీఎస్ఏ మారదు. అయిపోయింది.

కావలి ల్యాబ్: అయిపోలేదు. అందులో డ్యూటాస్టెరైడ్ (ప్రోస్టేట్ సైజు తగ్గించే మందు) కలిసిన రకం కూడా ఉంది. అది ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూడాలి.

కందుకూరు కుర్రోడు: షాపుకు ఫోన్ చేశా. కలిసిందే. ఏడాదిగా అదే వాడుతున్నాడు.

ఒంగోలు గిత్త: అంటే 11. ఏమయ్యా గట్టూ, నీ 6.5 ఎటు పోయింది?

పెన్నా గట్టు: 11 అయితే అయింది! 70 దాటినవాళ్లకు స్క్రీనింగ్ కోసం, అంటే లక్షణాలు లేకున్నా ముందే వెతకడానికి, ఈ పరీక్ష వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్సే 2018లో చెప్పింది. ఈ వయసులో చాలావరకు మెల్లగా పెరిగే రకమే. క్యాన్సర్ అనే మాట చెవిన పడితే మనిషి సగం చచ్చిపోతాడు. మా మామ గొట్టం తీశాక కూడా టీ కొట్టు ముఖం చూడలేదు.

ఒంగోలు గిత్త: ఇదీ నీ అసలు మాట. నీ పేచీ అంకెతో కాదు, ఆయనకు తెలియడంతో. మా బాబాయిలూ ఇట్లాగే రిపోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. మా నాయన చివరిదాకా వాతం నొప్పులనుకుని నడుముకు తైలం రాయించుకున్నాడు. పొలం పంచాలి, చెల్లెలి పెళ్లి చూడాలి, ఒక్కటీ చేసుకోనివ్వలేదు. ఆయన బదులు తేల్చడానికి వాళ్లెవరు, నువ్వెవరు?

పెన్నా గట్టు: మీ బాబాయిల కోపం నా మీద చూపిస్తే ఎట్లా?

మార్కాపురం పలక: ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, 5.6 వచ్చిందని మీ నాయనకు చెప్పారా?

కందుకూరు కుర్రోడు: లేదక్కా. షుగర్ బాగుందని మాత్రం చెప్పాం.

మార్కాపురం పలక: మరి ఆయన్ను అడక్కుండా ఇక్కడ ఓట్లు అడుగుతున్నావా? రెట్టింపు చేస్తే 11 అయిందని నేరుగా సూది గుచ్చరు. మూత్రం పరీక్ష, మళ్లీ ఒకసారి పీఎస్ఏ, యూరాలజిస్టు చేత్తో చూడటం, ఎంఆర్ఐ. అనుమానం ఉంటే అప్పుడు బయాప్సీ. ఆ మాత్రల షీటు కత్తిరించకుండా డాక్టరుకు చూపించండి.

కందుకూరు కుర్రోడు: చెప్పాను. ముందు నన్ను తిట్టాడు. 'స్కానింగ్ దాకా వస్తా, సూది సంగతి అది చూసి నేను చెప్తా' అన్నాడు. ఎవరికి చూపించాలి, నెల్లూరా ఒంగోలా?

పెన్నా గట్టు: నెల్లూరు.

ఒంగోలు గిత్త: గంటలో ఒంగోలు ఉంటే నెల్లూరు దాకా ఎందుకు తిప్పుతావయ్యా ముసలాయన్ను!