మాట పోయినవాళ్లను ఇంటర్వ్యూ చేయడం ఎలా? (డిజర్టేషన్ టెన్షన్)

ఎంఏఎస్‌ఎల్‌పీ_రెండో_ఏడాది
సీనియర్లకు నమస్తే. హైదరాబాద్‌లో ఎంఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి సమస్యల మీద పీజీ) చదువుతున్నాను. పక్షవాతం వచ్చి అఫేసియాతో (మెదడు దెబ్బతిని మాట్లాడటం, అర్థం చేసుకోవడం కష్టమవడం) మిగిలినవాళ్లు ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లాక రోజులు ఎలా గడుపుతున్నారు, పెళ్లిళ్లకు వెళ్తున్నారా, ఫోన్ మోగితే ఏం చేస్తున్నారు, ఇదీ నా టాపిక్. అఫేసియా ఏ రకం, ఎంత తీవ్రం అని చూసే వెస్ట్రన్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్ష స్కోరు చూస్తే ఇవేవీ తెలియవు కాబట్టి క్వాలిటేటివ్‌గా, అంటే అంకెలతో కాకుండా వాళ్ల అనుభవాలు వింటూ చేద్దామనుకున్నా. సినాప్సిస్ (ఏం చేస్తానో ముందుగా రాసిచ్చే సారాంశం) చూసి గైడ్ మేడమ్ రెండు మాటలన్నారు. పదిమందితో ఏం తేలుతుంది, ప్రశ్నావళి ఇచ్చి పర్సెంటేజీలు వేయొచ్చుగా అని ఒకటి. అసలు మాట్లాడలేనివాళ్లను ఇంటర్వ్యూ ఏం చేస్తావు, భార్యనో కొడుకునో అడుగు అని రెండోది. ఈ రెండోదానికి ఏం చెప్పాలో తెలియట్లేదు.

నరాల_వార్డు_థెరపిస్ట్
రెండోదానికే ముందు చెప్తా. భార్యను అడిగితే వచ్చేది భార్య అనుభవం. అదీ విలువైనదే, కానీ అది వేరే స్టడీ. "ఆయన బాగానే ఉన్నారండీ, టీవీ చూస్తారు" అని ఆవిడ అంటుంది, ఆయన ఆ టీవీ ఎందుకు చూస్తున్నాడో ఆయన్నే అడగాలి.

అడగడం కష్టమే కానీ కుదరనిది కాదు. టొరంటోలో ఆరా కేగన్ బృందం అఫేసియా ఉన్నవాళ్లతో సంభాషణ నడిపే పద్ధతిని ఎప్పుడో తయారుచేసింది, దాన్నే ఇంటర్వ్యూకి వాడుకో. ఒకసారి ఒకే ప్రశ్న, చిన్నది. అడిగేటప్పుడే ముఖ్యమైన మాట లావు మార్కర్‌తో కాగితం మీద రాసి ముందు పెట్టు. అవును, కాదు, ఇంకేదో అని మూడు కార్డులు దగ్గరుంచుకో, ఆ మూడోది లేకపోతే నువ్వు అనుకున్నదానికే వాళ్లు తలూపేస్తారు. వాళ్ల ఫోన్లో ఫొటోలు తెరవమను, సగం కథ అక్కడే దొరుకుతుంది. అలసిపోతారు, అందుకని ఒకే రోజు సాగదీయకుండా ఇంకోరోజు మళ్లీ వెళ్లు. చెప్పినదాన్ని నువ్వు అర్థం చేసుకున్నట్టు తిరిగి చెప్పి, సరేనా అని అడిగి ముందుకు పో. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని "ఆయనకి రాదమ్మా, నేను చెప్తా" అంటారు, మన ఇళ్లల్లో ఇది తప్పదు. మీతో విడిగా మాట్లాడతాను అని ముందే చెప్పి వాళ్లకో టైమ్ ఇచ్చెయ్.

గ్లోబల్ అఫేసియా (మాట్లాడటం, అర్థం చేసుకోవడం రెండూ బాగా దెబ్బతిన్నది) అయితే వీటితో ఇంటర్వ్యూ చేయడం చాలా కష్టం, అక్కడ వెళ్లి కూర్చుని గమనించి రాసుకోవడమే. డిజర్టేషన్‌కి అంత పెట్టుకోకు.

మైసూరు_పీహెచ్‌డీ
నంబర్ గురించి. పర్సెంటేజీల దారిలోకి మాత్రం వెళ్లకండి. పదిమందిలో 60 శాతం అంటే ఆరుగురు, దానికేం అర్థం ఉంది? మీ ప్రశ్న "ఎంతమంది" కాదు, "ఎలా". అందుకే మనుషుల్ని కావాలని వేర్వేరుగా ఎంచుకున్నారని సినాప్సిస్‌లో స్పష్టంగా రాయండి: వయసు, చేసిన పని, ఊరా పట్నమా, స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్లైంది.

బ్రాన్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో చెప్పిన థీమాటిక్ అనాలిసిస్ (ఇంటర్వ్యూల్లో మళ్లీ మళ్లీ కనిపించే అర్థాలను గుర్తించి థీమ్‌లుగా చేర్చడం) మొదటిసారి చేసేవాళ్లకి సులువు. కానీ దాన్ని ఎంచుకుని మళ్లీ ఇద్దరు కోడర్లు (మాటల ముక్కలకు పేర్లు పెట్టేవాళ్లు), కప్పా విలువ (ఆ ఇద్దరి పేర్లు ఎంత కలిశాయో చెప్పే అంకె) అని పెట్టకండి, బ్రాన్, క్లార్క్‌లే దానికి ఒప్పుకోరు. మన డిపార్ట్‌మెంట్లలో ఎగ్జామినర్లకి కప్పా అంటే ప్రాణం, అది వేరే సంగతి. వాళ్ల కోసం ఇంటర్వ్యూ స్టడీని ఎలా చేశారో వివరంగా చెప్పడానికి వాడే కోరెక్ అనే 32 అంశాల చెక్‌లిస్ట్ (2007) నింపి అనుబంధంలో పెట్టండి, పద్ధతి లేకుండా చేశారనే మాట రాదు.

నరాల_వార్డు_థెరపిస్ట్
గైడ్ మరీ పట్టుబడితే అంకెల కోసం ఒక స్కేలు కూడా ఇచ్చి, ఇంటర్వ్యూలూ అంకెలూ రెండూ ఉన్న మిక్స్‌డ్ మెథడ్ అనేస్తే పోదా?

మైసూరు_పీహెచ్‌డీ
పోదండీ. ఉన్న టైమ్‌లో రెండూ సగం సగం అవుతాయి. తీవ్రత చెప్పడానికి బ్యాటరీ స్కోరు ఒక టేబుల్లో ఇస్తే చాలు.

ఇంకొకటి, ట్రాన్‌స్క్రిప్ట్. ఆడియో సరిపోదు, వీడియో కావాలి. పని మానేయడం గురించి అడిగితే ఒకాయన "కొట్టు... కొట్టు..." అని షట్టర్ కిందికి లాగినట్టు చేయి దించి మొహం తిప్పుకున్నాడనుకోండి, మీరు "కొట్టు" అని మాత్రమే రాస్తే డేటా అంతా పోయినట్టే. సైగలు, ఆగిన చోట్లు, ఎవరు మాట అందించారో, అన్నీ రాయాలి. కోడింగ్ తెలుగు ట్రాన్‌స్క్రిప్ట్ మీదే చేయండి, థీసిస్‌లో పెట్టే ముక్కల్నే ఇంగ్లీషులోకి మార్చండి.

ఎంఏఎస్‌ఎల్‌పీ_రెండో_ఏడాది
చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఒక డౌట్, మా క్లినిక్‌లో నేను థెరపీ ఇస్తున్నవాళ్లనే తీసుకోవచ్చా? పరిచయం ఉంది కదా, సులువుగా మాట్లాడతారు.

నరాల_వార్డు_థెరపిస్ట్
వద్దు. నీ థెరపీ వల్ల ఉపయోగం లేదని నీ మొహం మీద ఎవరంటారు? పైగా కాదంటే థెరపీ ఆగిపోతుందేమోనని సంతకం పెట్టేస్తారు, ఎథిక్స్ కమిటీ పట్టుకునేది అక్కడే. వేరే థెరపిస్ట్ దగ్గరికి వచ్చేవాళ్లను అడుగు. సమ్మతి పత్రం బొమ్మలతో, పెద్ద అక్షరాలతో చెయ్, వీడియోకి విడిగా సంతకం తీసుకో, ఆ ఫైళ్లు ఎక్కడ దాస్తావో, ఎప్పుడు తీసేస్తావో కూడా అందులోనే రాయి.